చిటికెన వేలి కింది మీట

"నేను మోసం చెయ్యలేదండీ! ఒట్టు!"

అందరూ ఆరాగారని పిలిచే ఆ ప్రైవేటు డిటెక్టివ్ ఎదుట కూర్చుని అమ్మాయి వెక్కివెక్కి ఏడుస్తోంది. ఆమె ఒళ్ళో ఎడమచెయ్యి పట్టేంత చిన్న కీప్యాడ్ ఉంది. కంప్యూటర్ ఆటల పోటీల్లో ఆమె ఆయుధం అదే.

"ఫైనల్ ముందు తనిఖీలో దొరికిందండీ. ఒక్క కీ నొక్కితే నాలుగు పనులు వాటంతటవే జరిగిపోతున్నాయి. అది నిషేధం. నేను చెయ్యలేదని సాయంత్రంలోగా తేలకపోతే ఇక జన్మలో ఆడనివ్వరు."

ఆరాగారి సహాయకుడు కీప్యాడ్‌ను కంప్యూటర్‌కు తగిలించి సెట్టింగులు తెరిచాడు. చిటికెన వేలి కింది మీటలో ఎవరో కొన్ని నొక్కులు రికార్డు చేసి పెట్టారు: మ్యాపు చూడు, కూర్చో, కాల్చు, లే.

"ఆ కీ నేను వాడనే వాడను. వేలు ఆనితే చాలు, తెలీకుండా నొక్కుకుపోతుందని అక్క దాన్ని ఆపేసింది. ఈ సెట్టింగులన్నీ అక్కే చూస్తుంది. నాకు ఆడటం తప్ప ఇంకేం రాదు."

"కాల్చడం సరే, ముందు మ్యాపు దేనికి?" అన్నారు ఆరాగారు. సహాయకుడు తెల్లమొహం వేశాడు. గురువుగారి బుర్ర ఎటు పరిగెడుతుందో కనిపెట్టడం అతనికి ఏనాడూ చేతకాలేదు. అందుకే ఆయనంటే అంత ఆరాధన.

అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్ళేసరికి, టీమ్ సాధన చేసే గదిలో కోచ్, అక్క, పొడుగు అని పిలిచే రిజర్వు ఆటగాడు ఎదురుచూస్తున్నారు.

"కీప్యాడ్ ఇక్కడే ఉంటుంది. గది తాళాలు మా అందరి దగ్గరా ఉన్నాయి," అన్నాడు కోచ్.

పొడుగు నవ్వాడు. "ఆవిడగారు పోతే ఆ సీటు నాదే. దాన్ని చూసి ఏడుస్తూనే ఉన్నా, దాచడం ఎందుకు? కానీ ఇది నా పని కాదు."

"మీరేమంటారమ్మా?"

"దానికి ఆట నేర్పింది నేనే," అంది అక్క. "పోయినేడు నా సీటు దానికిచ్చినప్పుడు చప్పట్లు కొట్టిందీ నేనే."

ఆరాగారు ముగ్గురి కీబోర్డులూ తడిమి చూశారు. పొడుగు కీబోర్డు నిండా బిస్కెట్ పొడి. కోచ్‌ది కొత్తది. అక్క కీబోర్డులో అక్షరాలన్నీ బాగానే ఉన్నాయి, మ్యాపు మీట మీది అక్షరం మాత్రం పూర్తిగా అరిగిపోయింది.

"చిన్న పరీక్ష. ఒక్కొక్కరూ ఆటలో కూర్చుని, కాల్చి, లేవండి. వేగంగా."

మొదట అమ్మాయి ఆడి చూపించింది. తెర మీద మూడు నొక్కులు నమోదయ్యాయి. పొడుగు, మూడు. కోచ్ తడబడ్డాడు, అయినా మూడే. చివర అక్క వేళ్ళు చకచకా కదిలాయి. తెర మీద నాలుగు కనిపించాయి. మొదటిది మ్యాపు.

ఆరాగారు అక్క వైపు తిరిగారు.

"ఏ పని చేసినా ముందు మ్యాపు చూడటం మీ అలవాటు," అన్నారు ఆరాగారు. "చెల్లెలి కీప్యాడ్‌లో ఈ నొక్కులు రికార్డు చేసేటప్పుడూ వేలు అటే వెళ్ళింది. మీకే తెలీలేదు. పైగా ఆ మీట మీదే తన వేలు ఆనుతుందని ఎరిగి, ఆపిన మీటను మళ్ళీ తెరిచారు. తనిఖీలో తనే నొక్కి దొరికిపోవాలని."

అక్క తల ఎత్తలేదు. "దాని వేళ్ళు పట్టుకుని ఒక్కో మీట మీద పెట్టింది నేను! ఇప్పుడు అందరూ దాని చేతులకి దండం పెడుతున్నారు. నా చేతులు ఎవరికీ గుర్తు లేవు. చూడలేకపోయానండీ. సొంత చెల్లెలని కూడా చూడలేకపోయాను."

కోచ్ నిర్వాహకులకు ఫోన్ చేశాడు. అమ్మాయి నిర్దోషి అని తేలింది, ఫైనల్ ఆడవచ్చు. అయితే ముందు ఆ మీటను మళ్ళీ ఆపాలి.

కీప్యాడ్ ముందు కూర్చున్న అమ్మాయికి సెట్టింగుల తెర ఒక్క ముక్క అర్థం కాలేదు. కాసేపు చూసి, కళ్ళు తుడుచుకుని, పక్క కుర్చీ లాగింది.

"రా అక్కా. ఎలా ఆపాలో చూపించు."

అక్క మౌస్ అందుకుంది. ఇన్నాళ్ళూ ఆ పని జరుగుతుంటే పాటలు వింటూ కూర్చున్న చెల్లెలు, ఈసారి అక్క వేలి మీంచి చూపు తిప్పలేదు.