ఎనభై మిల్లీమీటర్ల అబద్ధం

కర్నూలులో ప్రైవేట్ డిటెక్టివ్ సుచరిత ఆఫీసుకు, ఆలూరు నుంచి తొలి బస్సులో తిరుపతమ్మ వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

“మా ఇంటాయన ఓబులేసు, తాను నడిపే నీళ్ల ఇంజన్ డీజిల్ అమ్ముకున్యాడంటాండారు మేడమ్. ముందు ఉల్లి చేను ఒక తడికి ఏడు లీటర్లు, ఇప్పుడు తొమ్మిది. సాయంత్రంలోపల ఒప్పుకోకుంటే స్టేషన్‌లో పెడ్తారంట.”

“ముందు తడికి ఎన్ని గంటలు పట్టేది?”

“ఐదు. సిలిండరు అరిగిందని ఇంజన్‌కు బోరింగ్ చేయించినంక ఆరు.”

సుచరిత బ్యాగు అందుకుంది. “డీజిల్ దొంగిలిస్తే క్యాన్ ఖాళీ అవుతుంది, గంటలు పెరగవు. ఇంతమందిలో ఒక్కరికీ తట్టలేదా?”

సహాయకుడు ప్రదీప్‌కుమార్‌కూ తట్టలేదు. అందుకే ఆమె వంక మరింత ఆరాధనగా చూశాడు.

ఆలూరులో చేను యజమానురాలు మహాదేవమ్మ అప్పటికే ఇంజన్ తిప్పే హ్యాండిల్ ఓబులేసు దగ్గర్నుంచి లాక్కుని తన మంచం పక్కన పెట్టుకుంది. ఇరవై ఏళ్లు నమ్మిన మనిషిని తీసెయ్యడానికి ఆమెకు అన్న కొడుకు హర్షవర్ధన్ మాట ఒక్కటి చాలింది. అతను మెకానికల్ ఇంజనీరింగ్ చదివాడు మరి. పైన పటారం, లోన లొటారం. చేతిలో కొత్త ఫోన్ మాత్రం తళతళలాడుతోంది.

“బోరింగ్ ఎవరు చేయించారు?” సుచరిత అతన్ని అడిగింది.

“నేనే. కల్లూరుకు తీస్కపోయి, పక్కనే నిలబడి చేయించి, తెచ్చి బిగించినా.”

“పిస్టన్?”

“ఎనభై మిల్లీమీటర్లది, కొత్తది. నేనే కొన్యా. ఇయన్నీ మీకు అర్థం కావులే మేడమ్.”

“నిజమే,” అంటూ సుచరిత రాసుకుంది.

బావి దగ్గర ఇంజన్ నల్లపొగ మరకలతో ఉంది. ప్రతి శుక్రవారం దానికి పసుపు కుంకుమ పెట్టడం ఆ ఇంటి ఆనవాయితీ. ఇంజన్ కొలతలుండే కంపెనీ రేకు మీద పసుపు పెచ్చు కట్టింది. రేకు అంచు దాటితే ఇనుము మీద ఒక్క చుక్క లేదు. పెచ్చు గోకితే అంకెలు కనిపించాయి: బోరు 87.5, స్ట్రోకు 110.

ఓబులేసు హెడ్ విప్పాడు. “చప్పుడు వేరేగా ఉండాదని బిగించిన పొద్దే హర్షవర్ధన్‌కు చెప్తిని. సదువు రానోనికి ఏం తెల్సు అన్యాడమ్మా,” అన్నాడు. సుచరిత సిలిండరు బోరునూ స్ట్రోకునూ కొలిచి, అతను హెడ్ తిరిగి బిగించేలోపల అందరినీ బావి దగ్గరకే పిలిపించింది.

“రేకు ప్రకారం బోరు ఎనభై ఏడున్నర. బోరింగ్ చేస్తే రంధ్రం పెరుగుతుంది, ఏ దేశంలోనూ తగ్గదు. ఇందులో ఉన్నది ఎనభై, స్ట్రోకు మాత్రం అదే నూట పది. ఇది వేరే ఇంజన్. రేకు మాత్రం పసుపుతో సహా పాతదాని మీంచి వచ్చింది.”

“మెకానిక్ మార్చింటాడు!” అన్నాడు హర్షవర్ధన్.

“పక్కనే నిలబడ్డానన్నావు. ఎనభై పిస్టన్ నువ్వే కొన్నానన్నావు. పాత ఇంజన్‌లో వేస్తే అది లొడలొడలాడుతుంది.” ఆమె ప్రదీప్‌కుమార్ వైపు తిరిగింది. “లెక్క చెప్పు.”

“బోరులో సగాన్ని దాంతోనే గుణించి, పై విలువ 3.14తోనూ స్ట్రోకుతోనూ గుణిస్తే సిలిండరు సైజు. పాతది ఆరువందల అరవై ఒక్క సీసీ. ఇది ఐదువందల యాభై మూడు.”

“వేగం మారకపోతే సైజు తగ్గినంత శక్తీ తగ్గుతుంది. ఐదు గంటల పనికి సరిగ్గా ఆరు పడుతుంది. పెద్ద పంపును మొయ్యలేక ఇది నల్లపొగ కక్కుతోంది. ఆ రెండు లీటర్లూ సగం కాలి ఆ పొగలోనే పోయాయి. ఇంజనీరింగ్ చదివి ఒక గుణకారానికి దొరికిపోయావు. దొంగతనానికైనా కాస్త చదువు కావాలి నాయనా.”

హర్షవర్ధన్ ఫోన్ జేబులో దాచుకున్నాడు. “కల్లూరులో అమ్మేసినా అత్తా,” అని గొణిగాడు.

మహాదేవమ్మ హ్యాండిల్ తెప్పించి అతని కాళ్ల ముందు పడేసింది. “మన ఇంజన్ తెచ్చేదాకా నువ్వే తిప్పాల.”

“చెప్పాల్సింది ఇంకోటుంది. ఇతనికి కాదు,” అంది సుచరిత.

మహాదేవమ్మ ఓబులేసు వైపు తిరిగింది. “తప్పు నాదే ఓబులేసప్పా.”

ఓబులేసు వంగి హ్యాండిల్ తీసుకుని పంచెకు తుడిచాడు.

“ఆ పిల్లోని చేతుల్తో తిప్పితే ఇది స్టార్ట్ కాదులేమ్మా. ఉల్లి ఎండుతాండాది, పక్కకు జరుగు.”