దొంగ కుంటుడు

"అన్నా, జర దిగుతవా? నీ టైమ్ ఎప్పుడో అయిపోయింది."

సైకిల్ తొక్కుతున్న ఫిన్నీ తల తిప్పి చూశాడు. ఎడమ మోకాలికి పట్టీ, చంకలో కర్ర, కళ్లనిండా కోపం. ఆ అమ్మాయి అందంగా ఉందన్న సంగతి తరువాత తెలిసింది. ముందైతే ఆ 'అన్నా' దగ్గరే ఆగిపోయాడు.

"అన్నా అనకపోతే దిగుతా."

"మరేమనాలె? తాతా అననా?"

దిల్‌సుఖ్‌నగర్‌లో స్వీట్ షాపు మీది అంతస్తులో ఉన్న ఆ ఫిజియోథెరపీ సెంటర్‌కి ఉన్నదే ఒక్క వ్యాయామం సైకిల్. మోకాలి లిగమెంట్ ఆపరేషన్ అయినవాళ్లందరికీ అదే దిక్కు.

"కొట్టుకోకండమ్మా, రెండో మోకాలు కూడా పోద్ది," అన్నాడు ఫిజియో సాయికుమార్. ఆయనది తెనాలి. ఏళ్ల తరబడి ఇక్కడే ఉన్నా యాస మాత్రం ఇసుమంతైనా మారలేదు.

అమ్మాయి పేరు జోస్నా. వ్యాయామ టీచర్ కావాలని బీపీఈడీ చదువుతోంది. కబడ్డీలో రైడ్‌కి వెళ్లి గిర్రున తిరగబోతే ఎడమ మోకాలు తిరగనంది. ఫిన్నీ మన్సూరాబాద్ వాలీబాల్ జట్టులో స్మాష్‌లు కొట్టేవాడు. ఎగరడం బాగానే ఎగిరాడు. దిగడమే వంకరగా దిగాడు. కుడి మోకాల్లో టప్పుమంది.

వారం తిరిగేసరికి కోపాలు పోయి కబుర్లు వచ్చాయి.

"నీ ఎడమకాలు మంచిది, నా కుడికాలు మంచిది. కలిపితే ఒక ఫుల్ ప్లేయర్," అంది జోస్నా.

"మిగిలిన రెండు?"

"అవి కుంటుకుంట ఛాయ్ తాగనీకి పోతయ్."

పోయాయి కూడా. ఛాయ్ తాగి, ఎల్బీనగర్ బస్సెక్కి, దారి పొడుగునా ఎవరి మోకాలు ఎంత వంగిందో గొప్పలు చెప్పుకునేవారు. ప్రేమలో పడినవాళ్లు ఇట్లాంటివి కూడా మాట్లాడుకుంటారా అంటే, అబ్బో, ఇంకేం మాట్లాడుకుంటారు!

నెలలు గడిచాయి. ఒకరోజు సాయికుమార్ నేల మీద టేపు అతికించాడు. "ఒంటికాలి మీద గెంతాలయ్యా. ఆపరేషన్ కాలు కూడా మంచికాలంత దూరం గెంతిందనుకో, నువ్వు గ్రౌండ్‌కి, నేను నీకు టాటా."

ఆ టాటా వినగానే ఫిన్నీ పక్కకు చూశాడు. అవతల చాప మీద జోస్నా ఇంకా పళ్లబిగువున కాలు ఎత్తుతోంది. తను పాసైతే రేపట్నుంచి ఇక్కడికి ఏ మొహం పెట్టుకుని రావాలి? గెంతాడు. గెంతి, "అబ్బా!" అని కూలబడ్డాడు.

జోస్నా పరుగులాంటి నడకతో వచ్చి అతని చెయ్యి పట్టుకుంది. "ఏమైంది? నొస్తుందా?" ఆమె కళ్లలో నీళ్లు.

ఇంకేముంది, మనవాడు ఆ రోజు నుంచి కుంటుతూనే ఉన్నాడు.

కుంటడం మొదలుపెట్టినంత తేలిక కాదు మానడం. ఇంట్లో అమ్మ ఎలీశమ్మ చూసి బెంబేలెత్తిపోయింది. శుక్రవారం శుక్రవారం ఉపవాసం పట్టింది. చర్చి ఆడవాళ్లను ఇంటికి పిలిచింది. వాళ్లంతా మోకాలికి నూనె రాసి, చేతులుంచి, కన్నీళ్లతో ప్రార్థన చేశారు. ఫిన్నీ కూడా కళ్లు గట్టిగా మూసుకున్నాడు, సిగ్గుతో.

మర్నాడు బస్సులో అదంతా తమాషాగా చెప్పబోయాడు. జోస్నా నవ్వలేదు.

"పాపం అమ్మ," అంది. "మా అమ్మతోని గూడ ప్రార్థన చేపిస్తా."

ఫిన్నీకి ఆ పూట ఛాయ్ చేదుగా అనిపించింది. అయినా నోరు విప్పితేనా!

ఇంకొన్ని వారాలకు జోస్నా కాలు కూడా గట్టిపడింది. వాన పడుతున్న ఒక మధ్యాహ్నం ఆమె తొందరగా బయల్దేరింది. "ఇయ్యాల నా ఫస్ట్ ప్రాక్టీస్ మ్యాచ్. భయమైతుంది. మంచిగ ఆడాలని అనుకో."

ఆమె మెట్లు దిగి వెళ్లాక చూస్తే, బెంచీ మీద మోకాలి పట్టీ!

"అయ్యయ్యో, అది లేకుండా ఆడొద్దని మరీమరీ చెప్పానే!" అన్నాడు సాయికుమార్.

ఫోన్ చేస్తే ఎత్తలేదు. కిటికీలోంచి చూస్తే ఎల్బీనగర్ బస్సు కదిలిపోతోంది. అంతే, ఫిన్నీ పట్టీ తీసుకుని రెండేసి మెట్లు దూకాడు. మెట్రో స్తంభాల వెంట, తోపుడుబండ్ల మధ్య నుంచి, నీటిగుంటలు దాటుకుంటూ ఒకటే పరుగు. ఆటోవాడు తిట్టాడు. వినిపించుకుంటే కదా! చైతన్యపురి సిగ్నల్ దగ్గర ఆగిన బస్సును అందుకుని ఎక్కాడు.

"నీ... పట్టీ..." అన్నాడు రొప్పుతూ.

జోస్నా మొహం వెలిగిపోయింది. "నాకోసం వానల ఉరికొచ్చినవా!"

తరువాత ఆ నవ్వు మెల్లగా ఆగింది. ఆమె చూపు అతని కాళ్ల మీదికి దిగింది.

"ఉరికొచ్చినవా?"

బస్సులో ఉన్నవాళ్లంతా కూడా అతని కాళ్లే చూశారు. జోస్నా పట్టీ లాక్కుని దిగింది. వెనకాలే ఫిన్నీ. మెట్రో స్తంభం పక్కన ఇద్దరూ తడుస్తూ నిలబడ్డారు.

"ఎప్పటిసంది ఈ నాటకం?"

"గా గెంతుడు పరీక్షప్పటి సంది. పాసైతే నిన్ను రోజు చూసుడు బందైతది కదా. జోస్నా, నువ్వంటే నాకు ప్రేమ."

జోస్నా పెదవులు నవ్వబోయి బిగుసుకున్నాయి. "నా నంబర్ నీ దగ్గరున్నది కదరా మొద్దూ! ఫోన్ చేస్తే అయిపోతుండె!"

ఫిన్నీ మొహం మీది వాననీళ్లు తుడుచుకున్నాడు.

"నాకోసం కుంటిన అంటున్నవ్. సగమే నిజం. ఎగిరితే మళ్ల తెగుతదని నీకు భయం. నాకు తెల్వదా? నాకూ రోజూ గదే భయం. నేను భయపడుకుంటనే పోతున్న. నువ్వేమో అమ్మను పస్తులుంచి దాక్కున్నవ్. అమ్మకు నిజం చెప్పు. గ్రౌండ్‌ల ఎగురు. అప్పటిదాక నాతోని మాట్లాడకు."

ఆటో ఎక్కి వెళ్లిపోయింది. ఫిన్నీకి ఏడుపొచ్చింది. ఆమె అన్నదాంట్లో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు.

తడిబట్టలతోనే వెనక్కి వెళ్లి సాయికుమార్ ముందు గెంతాడు. సాయికుమార్ కొలిచి చూసి, "పాస్. వెళ్లవయ్యా బాబూ, ఆడుకో," అన్నాడు.

ఇంటికెళ్లి అమ్మ దగ్గర నోరు విప్పాడు. "అమ్మా, నా కాలు మంచిగనే ఉంది. కుంటిందంతా దొంగ కుంటుడు. ఒక అమ్మాయి కోసం..."

ఎలీశమ్మ చేతిలో గరిటె గాల్లోనే ఆగిపోయింది.

"పచ్చినీళ్లు తాగి పండుకున్ననురా నేను! పదిమందిని పిలిచి ఏడ్చిన! ఇప్పుడు వాళ్లకు ఏం మొహం చూపియ్యాలె?"

ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఫిన్నీ ఆమె కాళ్ల దగ్గర మోకరించాడు. "తప్పయిందమ్మా. వాళ్లకు నేనే చెప్త."

"లే, లే! మోకాలు పాడైతది!" అంది ఎలీశమ్మ గాభరాగా. అన్నాక తన మీద తనకే కోపం వచ్చింది. కాసేపటికి అడిగింది, "ఏ చర్చి పిల్ల?"

"హయత్‌నగర్ దిక్కు. నీకు నిజం చెప్పమన్నది ఆమెనే. ఇప్పుడు మాట్లాడుతలేదు."

"మంచి పిల్ల," అంది ఎలీశమ్మ.

ఆదివారం చర్చిలో ఫిన్నీ లేచి నిలబడి నిజం చెప్పాడు. ఆడవాళ్లు నోళ్లు నొక్కుకుని నవ్వారు. ఆ సాయంత్రం మన్సూరాబాద్ గ్రౌండ్‌లో మ్యాచ్. కెప్టెన్ జగన్ బంతిని నెట్ పక్కన పైకి లేపాడు. ఫిన్నీ ఎగరలేదు. నేల మీంచే అవతలికి తట్టాడు. మళ్లీ లేపాడు. మళ్లీ తట్టుడే.

"ఏందిరా, బుగ్గ గిల్లినట్టు తడుతున్నవ్?" అన్నాడు జగన్.

కాళ్లు నేలకు అతుక్కుపోయాయి. ఇక తన వల్ల కాదనిపించి గట్టు వైపు చూశాడు. అక్కడ అమ్మ కూర్చుని ఉంది. పక్కన జోస్నా! ఇద్దరూ ఒకే పొట్లంలోంచి పల్లీలు తింటున్నారు. ఎలీశమ్మే కొడుకు ఫోన్‌లోంచి నంబరు తీసి ఆమెను పిలిపించింది.

జోస్నా చెయ్యి ఊపలేదు, నవ్వలేదు. చూస్తోంది, అంతే.

బంతి మళ్లీ లేచింది. ఫిన్నీ భయంతోనే రెండడుగులు పరుగెత్తాడు, భయంతోనే ఎగిరాడు, అరచేత్తో బాదాడు. బంతి అవతలి నేలకు తగిలింది. తన పాదాలు ఇవతలి నేలకు తగిలాయి. మోకాళ్లు సాయికుమార్ నేర్పినట్టే వంగాయి. కుడికాలు నిలబడింది.

ఫిన్నీ తన మోకాలినే చూసుకుంటూ నవ్వుతుంటే, జట్టంతా వచ్చి మీద పడింది.

మ్యాచ్ ఓడిపోయారు. అయినా ఫిన్నీ గెలిచినవాడిలా గట్టు దగ్గరకు వచ్చాడు.

"మంచిగ దిగినవ్," అంది జోస్నా.

"నీ మ్యాచ్ ఎట్లయింది?"

"రైడ్‌కి పోతుంటే కాళ్లు వణికినయ్. అయినా ఇద్దర్ని ఔట్ చేసొచ్చిన."

"భయం పోయిందా?"

"పోలే. నీది?"

"పోలే."

ఇద్దరూ పగలబడి నవ్వారు. నవ్వు ఆగాక ఫిన్నీ గొంతు తగ్గించాడు. "మరి ఆ రోజు నేను అన్నదానికి..."

జోస్నా ఎలీశమ్మ వంక చూసింది.

"నా దిక్కు చూడకు బిడ్డా, నాకు నచ్చినవ్. మీ అమ్మోళ్ల ఇంటికి నేనొస్తా," అంది ఎలీశమ్మ.

జోస్నా సిగ్గుతో తల వంచుకుంది. తరువాత సూటిగా చూసింది. "నాకూ ఇష్టమే. చాన రోజుల సంది. కానీ నన్ను ఏడిపించినందుకు కోపం ఇంకా ఉన్నది. అది మెల్లగ పోతది."

ఫిన్నీ "హే!" అని కేకేసి ఒక్క ఎగురు ఎగిరాడు.

"మెల్లగా!" అని ఇద్దరు ఆడవాళ్లూ ఒక్కసారే అరిచారు.