చారల కొమ్మ

1987 నవంబరు 14, శనివారం. నల్లమలలో పేరులేని ఒక కొండకొమ్ము. హాజరైనవారు నలుగురు: శిలీంధ్రశాస్త్రం బోధించే డాక్టరు కాత్యాయని, దారి చూపిన చెంచు ఉడతల లింగన్న, అతని బావమరిది గురవడు, ప్రయాణం ఏర్పాటు చేసిన మందుల కంపెనీ ప్రతినిధి వర్ధనరావు.

ఎంతటి పుండునైనా మాన్పే బెరడు కోసం వచ్చారు. ఆ చెట్టు కొండచరియ నడుమ, గుహ వాకిట్లో ఉంది. నారతాడు కిందికి వదిలారు. పైకొసను గురవడు నడుముకు చుట్టుకున్నాడు.

“నేను పట్టుకుంటాను, ఇలా ఇవ్వు,” అన్నాడు వర్ధనరావు.

లింగన్న నవ్వాడు. “తేనెకు దిగే తాడు బామ్మర్దే పట్టాల సారూ, అది మా ఆచారం. మీ అక్కనేమన్నా నాకిచ్చినారా?”

కాత్యాయనీ లింగన్నా దిగారు. గాలి తాడును విసిరికొట్టింది. కాత్యాయని మోచేయి బండకు గీరుకుని నెత్తురు కారింది. గుహలో కాలు పెట్టగానే గబ్బిలాలు నల్లని పొగలా పైకి లేచాయి. ఆమె నున్నటి కొమ్మకు కత్తి పెట్టబోగా లింగన్న చేయి అడ్డుపెట్టాడు.

“అది వట్టిదమ్మా. నల్లచారలున్నదే మందు. అదిగూడా ఒక్కటే కొయ్యాల.”

చారల కొమ్మ ఒక్కటి కోసి, ఆ చారపై ఆమె భూతద్దం పట్టింది. చెక్కపోగుల వెంట బూజు జాడ! ప్రయోగశాల రుజువు చేయవలసిందే గాని, మందు తయారుచేస్తున్నది చెట్టు కాదనీ, చెట్టుకు కీడు చేయక లోపల కాపురమున్న శిలీంధ్రమనీ ఆమెకు తోచింది. ఆ తేడాను లింగన్న తాతలు ఉత్త కళ్ళతో పట్టారు.

అంతలో రాయికి చుట్టిన కాగితం పైనుంచి పడింది. ‘ఈ ఔషధం స్థానికులెవరికీ తెలియదు. కనుగొన్నది కంపెనీయే. చెట్టుపై సర్వహక్కులూ కంపెనీవే.’

“సంతకం చెయ్యండి మేడమ్! లేదంటే తాడు పైకి లాగించేస్తాను, అక్కడే ఉండిపోతారు!” అని పైనుంచి అరిచాడు వర్ధనరావు.

కాత్యాయనికి ఒళ్ళు మండిపోయింది. “సిగ్గు లేదూ? అతని మందు దోచుకుంటూ, అతనికే తెలియదని రాయమంటారా?”

“గురవా, లాగెయ్! కంపెనీలో ఉద్యోగమిప్పిస్తా!”

గురవడి గొంతు ఉరిమింది. “మా అక్క బొట్టు ఈ తాడు మీదుంది సారూ! ఎనక్కి జరుగు! ఇంకో అడుగేస్తే కొండ దిగే దారి నువ్వే ఎతుక్కో!”

తాడు కదల్లేదు. ఇద్దరూ పైకి చేరారు. లింగన్న ఆ ఒక్క కొమ్మ బెరడంతా నూరి ఆమె మోచేతికి కట్టాడు.

“శాంపిలేదీ?” అన్నాడు వర్ధనరావు.

“కట్టులో ఉంది. విప్పి చూడండి!” అంది కాత్యాయని.

అదే కాగితం వెనుక ఆమె తేదీ, నలుగురి పేర్లు, వర్ధనరావు అరిచిన మాటలు అరిచినట్లే రాసింది. ‘చారల కొమ్మ గుణం ఉడతలవారి ఎరుక. నేను చూశాను, కనుగొనలేదు. వారు ఒప్పుకోనిదే ఎవరూ కోయరాదు.’ చదివి వినిపించి సంతకం చేసింది. బెరడురసంతో చెంచులిద్దరూ వేలిముద్రలు వేశారు. లింగన్న కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, చెకుముకిరాయి దాచుకునే వెదురుగొట్టంలోకి దోపి, మూత బిగించాడు.