చద్ది మాట

పెద్దల మాట చద్దిమూట అంటారు లోకంలో. రోషన్‌బీ అవ్వ మాత్రం, చద్దన్నమైనా తినొచ్చు గానీ చద్ది మాట వాకిట్లో అనకూడదు అనేది. ఆమె మనవరాలు సఫియాకు ఈ సంగతి ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. అయినా మనిషన్నాక ఒక రోజు అలసిపోతుంది. ఈ కథ ఆ ఒక్క రోజుది.

సఫియా ఉండేది పెనుకొండలో, కొండ కింది వీధిలో, అవ్వ వదిలిపోయిన ఒంటి గది ఇంట్లో. పొద్దున రైలుకు హిందూపురం పోతుంది. బట్టల కంపెనీలో చొక్కాలకు కాలర్లు కుట్టి, సాయంత్రం రైలుకు తిరిగొస్తుంది. భర్త అష్రఫ్ లారీ ఎక్కాడంటే పదిహేను రోజులకు గానీ ఇంటి ముఖం చూడడు. అవ్వ పోయిన రంజాను నెలలో కన్నుమూసింది. ఇక ఏడేళ్ల కూతురు మహజబీన్ బడి నుంచి వచ్చి, లోపల గడియ పెట్టుకుని, అమ్మ కోసం ఒక్కతే కూర్చోక తప్పడం లేదు.

ఆ ఇంటికో పద్ధతి ఉంది. పొద్దున బయటికి పోయే మనిషి, ఇంటిపట్టున ఉండే మనిషి చెవిలో ఒక మాట చెప్పి పోవాలి. దానికి అర్థంపర్థం ఉండకూడదు. అప్పటికప్పుడు పుట్టించాలి. తిరిగొచ్చి తలుపు బయట ఆ మాట అంటేనే గడియ తీస్తారు. అంతటితో ఆ మాటకు నూకలు చెల్లినట్టే. మళ్లీ దాన్ని ఎవరూ నోట పలకరు.

"ఎందుకవ్వా?" అని సఫియా చిన్నప్పుడు ఒకసారి అడిగింది.

"పొద్దుగూకే మగ్రిబ్ వేళకు మన వాకిట్లో మనతో పాటు ఇంకొకరు నిలబడి ఉంటారు మే. మనం అనేది విని నేర్చుకుంటారు. కొత్త మాటైతే వాళ్లకు తెలీదు" అంది అవ్వ, తమలపాకు నములుతూ.

బుడిగిల, తొంజురు, జిక్కోణి, ఓలబింద... ఆ ఇంట్లో అట్లా ఎన్ని పుట్టి పోయాయో లెక్కే లేదు.

ఆ సోమవారం రైలు కూత వినబడేసరికి సఫియా ఇంకా చెప్పుల కోసం వెతుకుతోంది. రెండు వారాలుగా కంపెనీలో ఊపిరాడని పని. బుర్ర గోకినా ఒక్క మాట పుట్టలేదు. వంగి పిల్ల చెవిలో "జిక్కోణి" అనేసి పరుగెత్తింది. అది బక్రీదుకు ముందు వాడేసిన మాట. పిల్ల కళ్లెత్తి చూసింది.

సాయంత్రం రైలు చాకర్లపల్లి దాటకముందే ఆగిపోయింది. ముందు గూడ్సు పోవాలన్నారు. కిటికీలోంచి తడి మన్ను వాసన వస్తోంది. ఎక్కడో వాన పడుతోంది. వేరుశనగ చేల మీద వెలుతురు సన్నగిల్లి, దూరంగా కొండ ఒక నల్లటి ముద్దయిపోయింది. పక్కనున్న ఊరి మసీదులోంచి మగ్రిబ్ అజాన్ వినబడింది. ఇన్నాళ్లలో ఆ పొద్దుకు సఫియా ఇంట్లో లేకపోవడం ఇదే మొదలు. పక్కింటి ఎల్లమ్మకు ఫోన్ చేసింది.

"ఎల్లమ్మక్కా, పిల్ల యాడుండాది?"

"ఏమే, ఆటలాడుతాండావా? ఇప్పుడే గదా వాకిట్లో నిలబడి ఏందో గొణిగినావు. పిల్ల గడియ తీసింది. లోపలికి పోయినావు."

"అక్కా... నేను రైల్లో ఉండా."

ఎల్లమ్మ ఊపిరి వేగంగా వినబడుతోంది.

"నీ కాళ్లు పట్టుకుంటా అక్కా. పిల్లను బయటికి పిలువు."

చెప్పుల చప్పుడు... తలుపు తట్టిన చప్పుడు... తర్వాత ఎల్లమ్మ గుసగుస.

"నీ గొంతే సఫియా. అన్నం పెడ్తాండా, రేపు రాపో అంటాంది."

లైను తెగిపోయింది. మళ్లీ కలవలేదు.

రైలు కదిలేదాకా సఫియా తలుపు దగ్గర కమ్మీ పట్టుకుని నిలబడి ఏడ్చింది. యా అల్లా, నా కాళ్లు తీసుకో, కళ్లు తీసుకో, నా బిడ్డను నాకు విడిచిపెట్టు అని వేడుకుంది. ఒక్క మాట పుట్టించడానికి బద్ధకించిన తన నోటిని తానే కొట్టుకుంది. స్టేషన్లో దిగి ఎట్లా పరుగెత్తిందో ఆమెకే తెలీదు.

వీధిలో కరెంటు లేదు. ఎల్లమ్మ ఫోన్ లైటు పట్టుకుని, వాకిలికి ఆమడ దూరంలో నిలబడి ఉంది. తలుపు సందులోంచి ఏదో వాసన... ఆరిపోయిన పొయ్యిలో నీళ్లు పోసినట్టు.

"మహజబీన్... నేనమ్మా. తలుపు తియ్యి."

"మాట చెప్పు."

ఆమెకు తెలిసింది అదొక్కటే.

"జిక్కోణి."

"అది అయిపోయింది. మా అమ్మ వచ్చేసింది."

"నేనే మీ అమ్మని బంగారూ..."

"అమ్మ నా పక్కనే ఉండాది. తియ్యొద్దంటాంది."

సఫియా తలుపు మీద పడింది. భుజం కమిలినా ఆగలేదు. ఎల్లమ్మ గడ్డపార తెచ్చింది. ఇద్దరూ కలిసి పెకలిస్తే గడియ ఊడి లోపల పడింది.

ఒక్కటే గది. వేరే తలుపు లేదు. మహజబీన్ చాప మీద కూర్చుని ఉంది. ముందర పళ్లెంలో కలిపిన అన్నం, చిన్న చిన్న ముద్దలుగా. ఇంకెవరూ లేరు. ఎల్లమ్మ మంచం కిందికి, బీరువా వెనక్కి లైటు వేసి చూసింది. ఎవరూ లేరు.

సఫియా కూతుర్ని ఒళ్లోకి లాక్కుని, తల నుంచి కాళ్ల దాకా తడిమింది. గీత కూడా పడలేదు. వెచ్చగానే ఉంది.

"ఇంతసేపూ ఈడనే ఉన్యావు. బయటికి ఎప్పుడు పోయినావు?" అంది పిల్ల.

"మా ఇంట్లో పడుకుందురు రాండి" అని, ఎల్లమ్మ చాపలు పరచడానికి గబగబా పోయింది.

సఫియా కదల్లేదు. ముందు ఒక మాట కావాలి. ఇక ఈ క్షణం నుంచి అమ్మ ఎవరో బిడ్డకు తెలియాలి. కళ్లు మూసుకుంది. భూమ్మీద ఏ నోటా రాని మాట, పలకడానికే నాలుక మెలికపడే మాట, ఒక్కో అక్షరమే తెచ్చి లోలోపలే కూర్చింది. నాలుక దాకా రానివ్వలేదు. చీకట్లో కూతురి చెవి దగ్గరికి వంగింది. పెదవులు ఇంకా విడలేదు.

"ఝొంకరేల్ము" అంది మహజబీన్, నిద్రమత్తులో. "తెలుసమ్మా. ఇందాక అన్నం పెడ్తా చెప్పినావు గదా, రేపటికి అని."