టైలరు కుట్టిన బెల్టు

కొండ కింద కాలవ సొరంగం ఉంది చూశారూ... అందులో ఇంజను ఆగకూడదు. ఆగిందా, ఇక నోరు తెరవకూడదు.

ఎందుకంటారా? అక్కడ గోడ మీద ఒకడు నడుస్తాడు.

గోడ పక్కన కాదండీ బాబూ — గోడ మీద! బల్లిలాగా పాక్కుంటూ కాదు... మనిషిలాగే, పాదాలు ఆనించి, ఠప్... ఠప్... ఠప్... అని.

నవ్వండి, నవ్వండి. ఇలా నవ్వినవాళ్ళని నేను ఆ సొరంగం మొదట్లో దింపి, "పోయి రండి నాయనా" అన్నాను. ఒక్కడు కదిలితే ఒట్టు. నేను పోయాననుకోండి. నా సంగతి వేరు.

అసలు విషయం చెప్తా వినండి. వెనకటికి పడవలకి ఇంజన్లెక్కడివి? గుర్రాలకి తాడు కట్టి ఒడ్డున నడిపిస్తే అవి లాక్కుపోయేవి. మరి సొరంగంలో ఒడ్డేదీ? నీళ్ళు, గోడలు, చీకటి — అంతే. అందుకని పడవ ముందు భాగంలో అడ్డంగా పలక వేసి, ఇద్దరు మనుషులు తలకి తల ఆనించి వెల్లకిలా పడుకునేవాళ్ళు. వీడి కాళ్ళు ఈ గోడకి, వాడి కాళ్ళు ఆ గోడకి. అలా పడుకునే, గోడల మీద నడుస్తూ పడవని అవతలికి తోసేవాళ్ళు. అదే వాళ్ళ కొలువు.

అలాంటి వాళ్ళలో ఒకడు నడిమధ్యలో పలక మీంచి జారాడు. పడవకీ గోడకీ మధ్యన... అంతే.

పడవ బయటికొచ్చింది. వాడు రాలేదు.

ఇక మన టైలరు దగ్గరికొద్దాం. ఈ సంగతి టైలరు లాకు కళాసికి చెప్పాడు — అదే, కాలవ తలుపులెత్తి దించేవాడు — కళాసి నాకు చెప్పాడు. నేనేమీ కలపలేదు. కలిపినా చిటికెడే.

టైలరుకి ఇల్లూ కొట్టూ అన్నీ పడవే. ముందు గదిలో కాపురం, నడిమి గదిలో మొగుడికొకటి, పెళ్ళానికొకటి కుట్టుమిషన్లు, వెనక ఇంజను. రేవు రేవుకీ ఆగి బట్టలు కుట్టి ఇస్తాడు. పని మంచిదే. కాకపోతే నోరే... అబ్బో! ఇంజను దగ్గరికి మెకానిక్కుని రానిచ్చేవాడు కాదు.

"కోటు కుట్టేవాణ్ణి, నాకీ ఇనప ముద్ద ఓ లెక్కా?" అనేవాడు.

ఆ పడవలో మూడు బ్యాటరీలు. ఒకటి ఇంజను స్టార్టు చెయ్యడానికి. దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు, అది దాని పనికే. మిగతా రెండూ దీపాలకీ, ఫ్యానుకీ, నీళ్ళ మోటారుకీ. మనవాడికి ఆ ఒక్కటీ వేరుగా కూర్చోవడం నచ్చలేదు. ఓ వైరు ముక్క తెచ్చి మూడింటినీ కలిపేశాడు.

"ఉమ్మడి కుటుంబం చేశానే! ఇక చూడు దీపాల వెలుగు!" అన్నాడు పెళ్ళాంతో.

"ఉమ్మడి కుటుంబంలో అందరూ తింటే, పొద్దున్నే లేచి పనిచేసేవాడికి ఏం మిగుల్తుందండీ?" అంది ఆవిడ.

"ఆడదానివి, నీకు కరెంటు గురించేం తెలుసు?"

అది చాలదన్నట్టు, ఇంజను మీద తిరిగే బెల్టు పాతబడి పగిలింది. ఆ బెల్టు తిరిగితేనే డైనమో తిరిగేది, బ్యాటరీలకి ఛార్జి ఎక్కేది. ఇంజనుకి చల్లనీళ్ళు తోసే పంపు తిరగాలన్నా అదే. కొత్తది కొనాలి కదా? మనవాడు కొంటాడా! గట్టి గుడ్డ నాలుగు మడతలేసి, మైనం పట్టిన దారంతో, రెండు వరసల కుట్టు కొట్టి... బెల్టు కుట్టేశాడు!

మీరు నవ్వుతున్నారు. కానీ చూస్తే మీరూ మెచ్చుకునేవాళ్ళే. అంత అందమైన బెల్టు ఏ ఇంజనూ ఒంటిమీద వేసుకుని ఉండదు.

పెళ్ళాం మాత్రం మెచ్చుకోలేదు. అప్పటికే ఆ ఇంజను దారిలో ఎన్నిసార్లు ఆగిందో, ఆవిడ ఎన్నిసార్లు గెడకర్రతో పడవ తోసి చేతులు బొబ్బలెక్కించుకుందో!

"ఏమండీ, ఒక్క మాట. సొరంగం అవతల రేవులో మా అన్నయ్య ఉన్నాడు. ఈలోగా ఈ ఇంజను ఇంకొక్కసారి ఆగిందంటే, నా మిషను నేను తీసుకుని అక్కడే దిగిపోతా. మళ్ళీ ఈ పడవెక్కను."

అరిచి చెప్పలేదు. బట్టలు మడత పెడుతూ నెమ్మదిగా చెప్పింది. అందుకే టైలరు భయపడ్డాడు. అరిస్తే రేపటికి మర్చిపోయేది. నెమ్మదిగా చెప్పిందంటే... పోతుంది.

"ఆగదే! నా కుట్టు మీద ఒట్టు!" అన్నాడు.

బెల్టు బిగించేసరికి పొద్దు వాలింది. లాకు దగ్గర కళాసి అడ్డం పడ్డాడు.

"టైలరన్నా, రాత్రికి ఇక్కడే కట్టెయ్. పొద్దున్నే పోవచ్చు."

"లోపల పగలైనా చీకటేగా, పొద్దుటిదాకా దేనికి?"

"లోపల ఇంజను ఆగితే...?"

"ఒరే, నేను కుట్టిన ప్యాంటే ఇంతవరకూ చిరగలేదు!"

కళాసి పక్కకి తప్పుకున్నాడు. తలుపెత్తాడు.

సొరంగం పడవని మింగేసింది.

చుక్కాని పట్టుకుని వెనక నిలబడ్డాడు టైలరు. ముందు గదిలో పెళ్ళాం. తల మీద చెయ్యెత్తితే తగిలే ఇటుక కప్పు. అటూ ఇటూ గోడలు — పడవ పక్కన మూరెడు సందు లేదు. వెనక్కి తిప్పుదామన్నా తిరగదు. దిగుదామన్నా నేల లేదు.

కాస్త దూరం పోయాక ముందు దీపం పసుపుపచ్చగా అయింది.

తర్వాత ఎర్రగా.

కింద కుయ్... మని ఏదో ఏడ్చింది. ఫట్!

కుట్టు ఊడలేదండోయ్. ఆ మాట టైలరు ఇప్పటికీ చెప్తాడు. గుడ్డే చిరిగింది!

ఆవిరి వాసన. ఇంజను రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. సెల్ఫ్ కొట్టాడు... టక్. మళ్ళీ కొట్టాడు... టక్. ఆ టక్కు కూడా పోయింది. ఉమ్మడి కుటుంబం మొత్తం పస్తు పడుకుంది. దీపం ఆరిపోయింది.

చీకటి అంటే మీరనుకునే చీకటి కాదు. కళ్ళు తెరిచినా ఒకటే, మూసినా ఒకటే.

ముందునుంచి పెళ్ళాం గొంతు — "ఏమండీ... ఆగిందా?"

పలకలేదు. ఏమని పలుకుతాడు? ఆగిందంటే ఆవిడ దిగిపోతుంది. ఆవిడ బయటికొచ్చి చూసేలోగా ఏదో ఒకటి చెయ్యాలి. ఆ కలిపిన వైరు పీకేసి కాసేపు వదిలేస్తే, అసలు బ్యాటరీ కోలుకుని ఒక్క తిప్పు తిప్పకపోతుందా అని ఆశ.

ఇంజను గుంట మీది ఇనప మూత ఎత్తి, పుల్ల ఆసరా పెట్టి, తడుముకుంటూ లోపలికి దిగాడు. పడవ మెల్లగా గోడకి ఒరుసుకుంది. పుల్ల జారింది.

ధన్!

మూత నెత్తిన పడింది. దాని మీద చుక్కాని కర్ర వచ్చి అడ్డంగా బిగుసుకుంది. భుజం పెట్టి తోశాడు. కదల్లేదు. వీపు పెట్టి తోశాడు. ఊహూఁ.

వంగి కూర్చోవడానికే చాలని గుంట. ఒకపక్క కాలుతున్న ఇంజను, మరోపక్క బ్యాటరీలు. యాసిడ్ ఘాటు ముక్కులోకి పోయి కళ్ళమ్మట నీళ్ళు. ఊపిరి తీస్తే వేడి, వదిలితే వేడి. అరిచాడు. ఆ ఇనప డబ్బాలో అరుపు తిరిగి తిరిగి తన చెవిలోకే వచ్చింది.

అప్పుడు గుర్తొచ్చింది... నోరు తెరవకూడదని.

నోరు మూశాడు. విన్నాడు.

ఠప్...

పైనుంచి కాదు. కిందనుంచీ కాదు. పక్కనుంచి. గోడలోంచి.

ఠప్... ఠప్...

పడవ కదిలింది.

ఇంజను లేదు. గాలి లేదు. కానీ ఒంటి కింద నీళ్ళు జారుతున్నాయి. ఎడమవైపు ఒక అడుగు... కుడివైపు ఒక అడుగు. తడి పాదం ఇటుక మీద వేసి తీసినట్టు. తొందర లేదు. అలవాటైన పనిలాగా ఉంది ఆ నడక.

టైలరు పిడికిలి నోట్లో కుక్కుకున్నాడు. ఎంతసేపో తెలీదు. ఓ యుగం అన్నాడట కళాసితో. టైలరు మాట కదా, మీరు సగం తగ్గించుకోండి. సగం యుగమైనా తక్కువా?

చివరికి పడవ కాలవ నడిమికి సర్దుకుంది. పైన కర్ర గీసుకుంటూ పక్కకి జరిగింది. టైలరు తలతోనే మూత ఎత్తాడు.

ఎదర... చుక్కలు!

సొరంగం నోరు వచ్చేసింది. పడవ ముందు సగం అప్పటికే ఆకాశం కింద ఉంది, అటూ ఇటూ కట్టిన రాతిగోడల మధ్య. పడవ కప్పు మీద పాక్కుంటూ ముందుకి పోయి తొంగి చూశాడు.

చూసి... నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది.

పెళ్ళాం! ఒడ్డుకి దిగే పలక అడ్డంగా వేసుకుని, వెల్లకిలా పడుకుని, ఎడమ గోడకి పాదాలు ఆనించి రొప్పుతోంది. గోడ మీద నడిచింది ఎవరో కాదు — ఈవిడే! దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు.

ఆవిడ పక్కకి దిగి నిలబడ్డాడు. ఆవిడ కళ్ళు తెరవకుండానే అంది —

"అప్పుడే లేచారా?"

టైలరుకి అర్థం కాలేదు.

"పిలిస్తే పలక్కపోతే కోపమొచ్చింది. సరే, నేనే తోసుకుంటాననుకుని పడుకున్నా. ఒక్కదాన్నే తోస్తుంటే పడవ ఆ గోడకి కొట్టుకుంటోంది. అప్పుడు మీరొచ్చి అటువైపు పడుకున్నారు చూడండి..." కాసేపు ఊపిరి తీసుకుంది. "నేనాగితే ఆగారు. నేను నడిస్తే నడిచారు. ఒక్క ముక్క గొప్పలు చెప్పలేదు. మీ తల నా తలకి తగుల్తుంటే... అంత వేడిలో కూడా ఎంత చల్లగా ఉందో."

టైలరు తన తల తడుముకున్నాడు — ఇంజను వేడికి ఇంకా కాలుతోంది.

"ఇంజను ఆగితే ఆగింది లెండి," అంది ఆవిడ. "ఇలా తోడుండే మనిషైతే నేనెక్కడికీ పోను."

ఇప్పుడు చెప్పండి, మీరైతే ఏం చేస్తారు? నిజం చెప్తే రేవులో దిగిపోతుంది. టైలరు ఛాతీ విరిచాడు. గొంతు సవరించుకున్నాడు.

"మరేమనుకున్నావే? నేను కాక ఇంకెవరు తోస్తారు?"

ఠప్!

కుడివైపు గోడ మీద.

పడవ ఆగింది. మెల్లగా... వెనక్కి జరిగింది.

ఠప్... ఠప్...

ఆకాశంలోంచి ఒక్కో చుక్కా ఇటుక కప్పు కిందికి పోతోంది.

"ఏమండీ, వెనక్కి తోస్తారేంటి?" అని కళ్ళు తెరిచింది ఆవిడ.

మొగుడి రెండు కాళ్ళూ తన పక్కనే, పడవ మీద ఉన్నాయి.

"నేను కాదు!" టైలరు గొంతు పగిలేలా అరిచాడు. "నేను తొయ్యలేదే! ఇంజను గుంటలో ఇరుక్కున్నా! బెల్టు చిరిగింది, బ్యాటరీలు చచ్చాయి, అన్నీ నేను చేసిన పనులే! ఆ గోడకి నా కాలు తగిలితే ఒట్టు!"

పడవ ఆగిపోయింది.

ముందుకీ పోదు. వెనక్కీ పోదు. ఎవరో కాలు తన్నిపెట్టి, ఇంకా వింటున్నట్టు.

ఆవిడ మొగుడి వంక చూడలేదు. లేచి కూర్చుని, పలక రెండో సగం వంక చూసింది. ఎవరూ లేరు. కానీ పలక అటువైపు కిందికి వంగే ఉంది.

జుట్టు ముడేసుకుంది. తర్వాత, ఇంటికొచ్చిన పెద్దమనిషితో మాట్లాడినట్టు గొంతు తగ్గించి అంది —

"అన్నయ్యా... ఈయన మాటలు పట్టించుకోకండి. నాకు అలవాటే."



మళ్ళీ వెల్లకిలా పడుకుంది. ఎడమ గోడకి పాదాలు ఆనించింది.

ఠప్...

కుడివైపు నుంచి, జవాబుగా — ఠప్.

చుక్కలు మళ్ళీ ఒక్కొక్కటే బయటికొచ్చాయి.