కుడి బూటే అరిగింది

ఆ పొద్దున షట్టర్ ఎత్తేటప్పటికి మొగిలి చేతిలో ఉన్న ఆస్తి ఇది: గోదావరిఖని లక్ష్మీనగర్‌లో రోడ్డు మీదికి ఒక బూట్ల షాపు, సరుకు గురించి అబద్ధం చెప్పడన్న పేరు, వచ్చే వారం పోలీసు ఉద్యోగం కోసం పరుగు పరీక్షలో నిలబడాల్సిన ఒక మేనకోడలు. మొదటి రెండూ తను సంపాదించుకున్నవి. మూడోది అక్క సంధ్యారాణి కన్న బిడ్డ. పేరు హర్షిణి. మొగిలికి పిల్లలు లేరు. మూడింటిలో దేని విలువ ఎక్కువో అతనికి బాగా తెలుసు.

కంపెనీ పేరు చూసి బూటు అమ్మడం అతని పద్ధతి కాదు. పాత జత తెచ్చిచ్చిన వాళ్లకు కొత్త జత మీద ధర తగ్గించేవాడు. ఆ పాత బూటును రంపంతో నడిమికి కోసి గోడకు వేలాడదీసేవాడు. కోసిన చోట లోపలి స్పంజి ఎంత, అడుగు రబ్బరు ఎంత, ఎక్కడ అరిగింది, ఎక్కడ జిగురు ఊడింది, అన్నీ కనిపించేవి. గిరాకీకి ఏది కావాలో గోడే చెప్పేది.

జ్యోతినగర్ నుంచి వచ్చిన ఇంజనీరు జైపాల్ ఆ గోడ ముందు నిలబడి తల గోక్కుంటున్నాడు.

"ఆస్ట్రెల్ కంపెనీ బూట్లు తీసుకోవాల్నా, కురంగ్‌వి తీసుకోవాల్నా మొగిలన్నా? ఏది ఎక్కువ రోజులు వస్తది?"

"ఎక్కడ ఉరుకుతరు సార్?"

"మా టౌన్‌షిప్‌లనే. డాంబర్ రోడ్డు."

"గట్లయితే ఆస్ట్రెల్. మెత్తగుంటది, మోకాలు గుంజదు. కానీ మా దిక్కు బొగ్గు లారీల రోడ్డు మీద, కంకరల ఉరికితే ఎండాకాలం దాటది. కురంగ్ ఏసుకుంటే కాలుకు కొంచెం గట్టిగ తాకుతది, కానీ దాని అడుగు జల్ది పోదు."

"మరి ఈ మెరుపు కంపెనీది? సగం ధరనే ఉన్నది."

"అది పెండ్లికి ఏసుకపోండ్రి సార్. ఫోటోల మంచిగ పడతది."

జైపాల్ గట్టిగా నవ్వాడు. "మీ ఇంట్ల వాళ్లకు ఏదిచ్చిండ్రు?"

"కురంగే. నా మేనకోడలుకు మొన్న చలికాలం పోంగనే ఇచ్చిన. అది ఏడాది ఉరికినా దాని అడుగుకేం గాదు."

ఆ మాట నోట్లో ఉండగానే ఒక బూటు వచ్చి అతని చెవి మీద తగిలింది. రెండోది గాజు కౌంటరును పగలగొట్టింది.

గుమ్మంలో బావ సదయ్య. రాత్రి షిఫ్టు దిగి, ఇంట్లో బిడ్డ బూట్లు అందుకుని మొహమైనా కడుక్కోకుండా వచ్చినట్టున్నాడు. కనురెప్పల అంచున బొగ్గు ఇంకా నల్లగా ఉంది. నడుముకు నెత్తి లైటు బ్యాటరీ తగిలించుకునే తోలు బెల్టు కూడా విప్పలేదు.

"ఏడాదా? రెండు నెలలకే సచ్చిందిరా నీ కురంగు! సొంత అక్క బిడ్డకు నకిలీ మాల్ అంటగడ్తవా?"

"బావా, ముందుగాల లోపటికి రా. గిరాకీ ఉన్నరు."

"ఉండని! అందరు చూడని!"

సదయ్య కింద పడిన బూటు తీసి మొగిలి మొహం మీద కొట్టాడు. పెదవి పగిలింది. బజారులో బూటుతో దెబ్బ తిన్నవాడు మళ్లీ ఆ బజారులో తలెత్తుకుని కూర్చోవడం కష్టం. ఎదురుగా ఉన్న చాయ్ బండి దగ్గర మనుషులు లేచి నిలబడ్డారు. అడ్డం వచ్చిన జైపాల్‌ను సదయ్య రెక్క పట్టి నెట్టేస్తే ఆయన పోయి డబ్బాల వరస మీద పడ్డాడు.

"పిల్ల రోజు రోజుకు ఎనకబడుతున్నది. ఎందుకంటే బూట్లు బాగలేవంటది. వారం దినాల్ల పరుగు! దాని నౌకరి పోతే నువ్విస్తవా?"

మొగిలి నోట్లో రక్తం ఉమ్మాడు. కొట్టడానికి చెయ్యి లేచింది కూడా. అప్పుడే అతని కళ్లు కింద పడిన జత మీద పడ్డాయి. అలవాటు కొద్దీ రెండింటినీ తిప్పి చూశాడు. కుడి బూటు మడమ దగ్గర రబ్బరు పోయి స్పంజి తేలింది. ఎడమ బూటు అడుగు మీద కంపెనీ అచ్చు కూడా చెరగలేదు. దాని మొన మాత్రం నేలకు ఈడ్చినట్టు గీసుకుపోయి ఉంది.

"బావా," అన్నాడు మెల్లగా. "మాల్ నకిలీదైతే రెండు బూట్లూ అరగాలె. గిదేంది, కుడిదే అరిగింది?"

"నీ లెక్కలు నా దగ్గర చెప్పకు."

"బరువంత కుడికాలు మీదనే ఏస్తున్నది పిల్ల. ఎడమది ఈడ్చుకుంట ఉరుకుతున్నది. దాని కాలుకు ఏమైంది?"

సదయ్య కుడిచెయ్యి తనకు తెలియకుండానే నడుము దగ్గరి బెల్టు మీదికి పోయింది.

"ఏం గాలె. ఒళ్లు వంగుతలేదు దానికి."

ఆ చేతిని మొగిలి చూశాడు. జత చంకలో పెట్టుకుని, షట్టర్ దించకుండానే బండి స్టార్ట్ చేశాడు. "ఆగు! ఏడికి పోతున్నవ్‌రా?" అంటూ సదయ్య వెనకపడ్డాడు. ఇద్దరిలో ఎవరో ఒకరు చస్తారన్న భయంతో జైపాల్ కూడా కారు తీశాడు.

కార్మికుల క్వార్టర్ల వరసలో సదయ్య ఇల్లు చివరిది. హర్షిణి గడప మీద కూర్చుని పాత కాన్వాసు బూట్లు తొడుక్కుంటోంది. మామ మొహం మీద రక్తం చూసి లేవబోయి, ఎడమకాలు మోపలేక తలుపు పట్టుకుంది.

"ఎవరు కొట్టిండ్రు మామా?"

"నా సంగతి ఇడిసిపెట్టు బిడ్డా. నీ కాలు సూపియ్యి."

"ఏం లేదు. పడ్డ."

లోపలి నుంచి సంధ్యారాణి వచ్చింది. "అవ్ తమ్ముడూ, గ్రౌండ్ల పడ్డది. చిన్న దెబ్బనే," అంది, కానీ తమ్ముడి కళ్లలోకి చూడలేదు.

మొగిలి కింద కూర్చుని మేనకోడలి ట్రాక్‌ప్యాంటు అంచు మోకాలి దాకా మడిచాడు. పిక్క ముందు ఎముక వాచి నిగనిగలాడుతోంది. దాని చుట్టూ పాతవి పసుపుపచ్చగా, కొత్తవి నల్లగా వాతలు. ఒక వాత చివర బెల్టు బకిల్ నాలుగు మూలలతో సహా అచ్చు పడింది.

అతను ఏమీ అనకముందే సదయ్య వాకిట్లోకి వచ్చాడు. బెల్టు చేతిలో ఉంది.

"అవ్, నేనే కొట్టిన! నా బిడ్డ, నా ఇష్టం. రోజు పొద్దుగాల మోటరు సైకిల్ మీద ఎంబడి పోతున్న, విజిల్ ఊదుతున్న, నిద్ర లేకుంట. ఎవని కోసం? నేను భూమి లోపట గాలి లేని కాడ సస్తున్న. అది పైన ఎండల, గాలిల నౌకరి చెయ్యాలె. దెబ్బ పడకుంటే బొగ్గు రాలుతదా?"

"అది బొగ్గు కాదు బావా."

"నువ్వు జరుగు. ఉరుకవే! బూట్లు లేకున్నా ఉరుకు! ఇప్పుడే ఉరుకు!"

బెల్టు లేచింది. మొగిలి పిల్ల ముందు పడ్డాడు. బకిల్ అతని కనుబొమ్మ చీల్చింది. కళ్లలోకి రక్తం కారుతుండగానే బావ నడుము పట్టి గుంజాడు. ఇద్దరూ నీళ్ల డ్రమ్ము మీద పడ్డారు. డ్రమ్ము ఒరిగి వాకిలంతా నీళ్లైంది. మొగిలి అందినకాడికి గుద్దాడు, చెయ్యి కొరికాడు. కానీ షాపులో కూర్చుని మెత్తబడిన చేతులు అతనివి, బొగ్గు మోసి గట్టిపడిన చేతులు సదయ్యవి. సదయ్య మీదికెక్కి బెల్టును మొగిలి గొంతుకు అడ్డం పెట్టి నొక్కాడు.

"బాపూ! సస్తడు! ఇడువు బాపూ!" హర్షిణి తండ్రి చొక్కా పట్టి గుంజుతోంది. మోచేతితో ఒక్క తోపు తోసేసరికి ఆ పిల్ల ఎడమకాలు మీద పడింది. పడినప్పుడు అరిచిన అరుపుకు పక్క క్వార్టర్ల తలుపులు తెరుచుకున్నాయి.

సంధ్యారాణి నీళ్లలో పడి ఉన్న బూటు తీసింది. భర్త చెంప మీద కొట్టింది. అతను నమ్మలేక తల తిప్పాడు. మళ్లీ కొట్టింది. ముక్కు మీద, నోటి మీద, అడ్డం పెట్టిన చేతుల మీద. పెళ్లయిన నాటి నుంచి ఆయన పేరు పెట్టి పిలవని మనిషి, వాడకట్టు అంతా చూస్తుండగా చెయ్యి అలిసేదాకా కొట్టింది.

"కొట్టేది నువ్వు! పసుపు రాసేది నేను! రోజు రాసిన! మళ్లా తెల్లారి నీ ఎంబడి పంపిన! ఇద్దరం కలిసి దాని కాలు ఇరగ్గొట్టినం. ఇగ నేను రాయ! సదయ్యా, ఇగ నేను రాయ!"

బెల్టు సదయ్య చేతిలోంచి జారింది. మొగిలి దగ్గుతూ పక్కకు దొర్లాడు. వాకిట్లో నీళ్లు మోరీలోకి పారిపోయాయి.

హర్షిణి నేల మీదనే కూర్చుని తండ్రి వైపు చూసింది.

"బాపూ, శురువుల నేను మంచిగనే ఉరికిన. టైంల వచ్చిన. నువ్వే చూసినవు, నువ్వే మస్తు ఖుషీ అయినవు. యాదికున్నదా?"

సదయ్య తల ఊపాడు.

"కొట్టుడు మొదలువెట్టినంకనే ఎనకబడ్డ. కాలు నొస్తున్నదంటే సాకులంటవని బూట్ల మీద పెట్టి చెప్పిన. ఉరికేటప్పుడు ముందట ఏమున్నదో నాకు కనవడేది కాదు బాపూ. ఎనక నీ బండి సప్పుడే ఇనవడేది."

అతను ఆ వాచిన కాలు వైపు చూశాడు. బెల్టుతో కొట్టాడే తప్ప, ఏనాడూ దాన్ని పట్టి చూసింది లేదు. రెండు చేతుల్లో మొహం దాచుకుని గుండెలు అదిరేలా ఏడ్చాడు. బిడ్డ దగ్గరికి పోబోతే ఆమె కాలు వెనక్కి గుంజుకుంది. ఆ గుంజుకోవడం అతనికి భార్య కొట్టిన దెబ్బలకన్నా గట్టిగా తగిలింది.

జైపాల్ కారు తలుపు తెరిచాడు. మొగిలి మేనకోడలిని ఎత్తుకుని కూర్చోబెట్టి, బావ వైపు తిరిగాడు.

"దవాఖాన నుంచి పిల్ల నా ఇంటికి వస్తది. అక్క కూడా. మళ్లీ చెయ్యి లేచిందంటే ఠాణాల కాగితం ఇచ్చేది నేనే. బావ అని చూడ."

సదయ్య కారుకు దారి వదిలి పక్కకు జరిగాడు.

ఎముకలో సన్నటి పగులు తేలింది. వానలు పడేదాకా ఉరకొద్దన్నారు డాక్టరు. ఆ ఏడాది పరుగు హర్షిణి లేకుండానే జరిగిపోయింది. ఆ పొద్దున ఆమె మామ ఇంట్లో గోడ వైపు తిరిగి పడుకుంది. సంధ్యారాణి ఆమె వీపు నిమురుతూ కూర్చుంది.

సదయ్య డ్యూటీ దిగి రోజూ మొగిలి ఇంటి ముందుకు వచ్చి, లోపలికి రమ్మనేవాళ్లు లేక వెనక్కి పోయేవాడు. శ్రావణంలో ఒకనాడు సంధ్యారాణి చాయ్ గ్లాసు బయటికే తెచ్చి ఇచ్చింది. లోపలికి మాత్రం పిలవలేదు. "పిలిచేది పిల్ల. నేను కాదు," అంది.

వానలు వెలిసిన తర్వాత హర్షిణి మళ్లీ గ్రౌండ్‌కు పోయింది. మొదటి రోజు మొగిలి తోడు పోయాడు. గేటు బయట సదయ్య నిలబడి ఉన్నాడు, చేతిలో నీళ్ల సీసా. లోపలికి రావడానికి అడుగు వేసి ఆగిపోయాడు.

హర్షిణి చాలాసేపు అతన్ని చూసింది.

"రా బాపూ. కానీ నా ఎంబడి రాకు. విజిల్ ఊదకు. గా చెట్టు కాడ కూసో. టైం నేనే చూసుకుంట."

"సరే బిడ్డా," అంటూ అతను పోయి చెట్టు కింద కూర్చున్నాడు.

"ఇంకొంచెం దూరంగ కూసో."

సదయ్య లేచి ఇంకొంచెం దూరంగా పోయి కూర్చున్నాడు.

మొగిలి మనసులో లెక్క వేసుకున్నాడు. ఒక నౌకరి అవకాశం పోయింది. కనుబొమ్మ మీద మచ్చ మిగిలింది. బజారులో ఇప్పటికీ బూటుదెబ్బ గురించి నవ్వేవాళ్లున్నారు. బావను పూర్తిగా నమ్మడానికి ఇంకా ఎన్నేళ్లు పడుతుందో తెలియదు, ఆ పద్దు మూసేది కాదు. రాబడి వైపు రాసుకోవడానికి ఒక్కటే ఉంది. ఆ పిల్ల తండ్రిని దూరంగా కూర్చోమంది, చెప్పేటప్పుడు గొంతు వణకలేదు. ఆ సంవత్సరానికి తనకు మిగిలిన లాభం అదేనని తేల్చుకుని, మొగిలి షాపు తీయడానికి వెళ్లిపోయాడు.