వంటింట్లో మూసేసిన అటక

“దిగు రూపా! దిగమంటే దిగు! నీకు చెవులు లేవా!”

వసంతమ్మ గొంతు ఇల్లంతా మోగింది. స్టూలెక్కి, చేతిలో టేపుతో వంటింటి కప్పు దగ్గర మూసేసిన పెట్టె కొలత చూస్తున్న కోడలు రూపశ్రీ ఉలిక్కిపడింది. వసంతమ్మ పరుగున వచ్చి ఆమె నడుం చుట్టూ రెండు చేతులూ వేసి నేలకు దించింది. అంతటితో ఊరుకుందా? టేపు పట్టుకున్న ఆ చేతి మీద ఫట్టున ఒక్కటి వేసింది! ఆరో నెల కడుపుతో ఉన్న పిల్లని! పెళ్ళయి వచ్చిన రెండేళ్ళలో పరుషంగా ఒక్క మాటైనా అనని అత్త!

“నేనేం చేసినానత్తా? కొలత చూస్తా ఉంటి... అంతే గదా...” అంది రూపశ్రీ. ఎర్రబడిన చేతిని గుండెలకు అదుముకుని గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

కేకలు విని కొడుకు మునిశేఖర్ వచ్చాడు. “ఏందమ్మా ఇది? ఆ పెట్టెలో ఎలకలు కాపురం పెట్టినాయి. రేపు పసిబిడ్డ తిరిగే ఇల్లు, దాన్ని తీసేద్దామంటే తప్పా? నువ్వెంత కాదన్నా సరే... రేపు చెంగల్రాయుణ్ణి పిలిపిస్తా, మొత్తం ఊడగొట్టించేస్తా!”

వసంతమ్మ స్టూలు తీసి మూలన పెట్టింది. ఏమని చెబుతుంది? ఎవరికి చెబుతుంది? వరండాలో పేపరు చదువుతున్న భర్త ధనంజయ ఇంత గొడవ జరిగినా తలెత్తి చూడలేదు. ఆయన చూడడని ఆమెకు తెలుసు. ఆ పెట్టె మాట వస్తే చాలు, ఆయన చెవులు మూసుకుపోతాయి... ఈనాడు కాదు, ముప్పై ఒక్క సంవత్సరాలుగా!

తిరుపతి బైరాగిపట్టెడలో ఆ ఇల్లు ధనంజయ తండ్రి కట్టించింది. వంటింట్లో అల్మరాల పైన కప్పు దాకా ఉన్న అటకను ఎప్పుడో పలకలు కొట్టి మూసేశారు. చూడ్డానికి గోడకు వేలాడదీసిన పెద్ద పెట్టెలా ఉంటుంది. అందులో ఏముందని మునిశేఖర్ చిన్నప్పుడు అడిగితే, “ఏమీ లేదు నాయనా, ఖాళీ” అని చెప్పింది వసంతమ్మ. అదే మాట కోడలికీ చెప్పింది.

కానీ అది ఖాళీ కాదు. ఆమె బతుకంతా అందులోనే ఉంది!

ముప్పై ఒక్క ఏళ్ళ కిందట, సుబ్రహ్మణ్యస్వామి పండగ ఆడికృత్తిక నాడు వడమాలపేట నుంచి చుట్టాలు వచ్చారు. వసంతమ్మకు అప్పుడు ఏడో నెల, తొలిచూలు. ఇంతమందికీ పొంగలి వండాలంటే అటక మీది పెద్ద ఇత్తడి గుండిగ కావాలి. ఆమె స్టూలెక్కి గుండిగ అందుకుంది. అంతవరకే ఆమెకు గుర్తు. కళ్ళు తెరిచేసరికి ఆసుపత్రి మంచం, ఖాళీ అయిన కడుపు, మూలన ముఖం తిప్పుకుని నిలబడ్డ భర్త... పది రోజులకు ఇంటికి వచ్చి వంటింట్లో అడుగు పెట్టి తలెత్తి చూస్తే, అటక లేదు! పలకలు, పలకల నిండా మేకులు! ధనంజయ ఒక్క మాటా అనలేదు. తిట్టలేదు, కొట్టలేదు. కానీ ఆ మేకులు ఒక్కొక్కటీ తనను వేలెత్తి చూపుతున్నట్టే అనిపించింది ఆమెకు. ‘నీ చేతులారా బిడ్డను చంపుకున్నావు’ అని భర్త నోటితో అనలేక అలా చెప్పాడనుకుంది!

మూడేళ్ళకు మునిశేఖర్ పుట్టాడు. ఇల్లు మళ్ళీ నవ్వింది. ధనంజయ హైస్కూల్లో లెక్కల మాస్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. కూరలో ఉప్పెక్కువైందనీ, కరెంటు పోయిందనీ, పిల్లవాడికి జ్వరమనీ మాట్లాడుకున్నారు... ఆ ఒక్క మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. ఒకే కంచంలో తినాల్సిన దుఃఖాన్ని ఆమె ఒక్కతే పొయ్యి దగ్గర కూర్చుని రోజూ గుప్పెడు గుప్పెడు మింగింది.

మర్నాడు పొద్దున్నే వడ్రంగి చెంగల్రాయుడు సంచితో వచ్చాడు. మునిశేఖర్ పని అప్పజెప్పి బ్యాంకుకు వెళ్ళిపోయాడు. రూపశ్రీ అత్తతో మాట్లాడకుండా గుమ్మం పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. మేకు ఊడిన ప్రతిసారీ వసంతమ్మ పంటి బిగువున చీర చెంగు పట్టుకుంది.

“ఎవురు కొట్టినారమ్మా దీన్ని?” చెంగల్రాయుడు చెమట తుడుచుకున్నాడు. “ఇది పనోడి చెయ్యి కాదు. ఒక్కో పలకకి ముప్పై మేకులుండాయి సూడు! సగం వంకర పోయినాయి. ఎవురి మీదో కసితో కొట్టినట్టుండాది!”

కసి! ఎవరి మీదో కాదయ్యా, నా మీదే... అనుకుంది వసంతమ్మ.

చివరి పలక ఊడగానే దుమ్ము, ఎలకల గూడు, కొరికేసిన కాగితాలు జలజలా రాలాయి. వెనక గోడకు పాతకాలపు నీలం సున్నం అలాగే ఉంది. చెంగల్రాయుడు చెయ్యి లోపలికి పెట్టి బరువుగా ఏదో లాగి, కిందికి దించాడు. నల్లబడిపోయిన ఇత్తడి గుండిగ. ఒక పక్క లోపలికి సొట్ట పోయింది.

“ఎంత పెద్దదత్తా!” కోపం మరిచిపోయి రూపశ్రీ అంది. “ఇంత మంచి వస్తువును ఏంటికి మూసిపెట్టినారు?”

వసంతమ్మ అక్కడే నేల మీద కూలబడింది. అప్పటికే ధనంజయ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆయన ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

“దాన్ని ఇంట్లో పెట్టొద్దు చెంగల్రాయా... తీసకపో. యాడన్నా పారెయ్!”

ఆ మాటతో వసంతమ్మలో ఇన్నేళ్ళుగా కట్టిపెట్టిందంతా తెగిపోయింది. ఏనాడూ మీరు అని తప్ప పిలవని మనిషి...

“పారేస్తే పోతాదా? ముప్పై ఒక్క ఏండ్లు ఈ పలకల కిందనే నిలబడి నీకు అన్నం వండినాను! బిడ్డను చంపింది నేనేనని మేకులు కొట్టి చెప్పినావు గదా... ఇంకా ఆ గుండిగ మీద కోపమేంటికి? నన్నే నోరారా తిట్టు! ఒక్కసారన్నా తిట్టు!”

చెంగల్రాయుడు సుత్తి కింద పెట్టి, మెల్లగా వీధిలోకి నడిచాడు. రూపశ్రీ చెయ్యి తనకు తెలియకుండానే కడుపు మీదికి వెళ్ళింది. అత్త నిన్న ఎందుకు కొట్టిందో ఆ పిల్లకు ఇప్పుడు అర్థమైంది!

ధనంజయ గోడ పట్టుకున్నాడు. “నువ్వా? నువ్వు చంపడమేంది వసంతా? ఆ పొద్దు గుండిగ దించమని చెప్పింది ఎవురు? నేను గదా! చుట్టాలతో మాటల్లో పడి, లేచి వచ్చేదానికి బద్ధకమై వాకిట్లోనుంచే కేకేస్తి... నిన్ను ఆసుపత్రిలో పెట్టి ఇంటికొస్తే స్టూలు అట్లే పడుండాది. దాన్ని చూడలేక గుండిగను పైకి విసిరేసి, దొరికిన పలకలన్నీ కొట్టేసినాను. నువ్వు ఇంకెప్పుడూ ఆడికి ఎక్కగూడదని! కసి నా మీదనే నాకు... నువ్వు ఇంటికొచ్చినంక నా మొగం చూడలేదు. నన్ను క్షమించలేదనుకున్నా...”

భర్త కేక వసంతమ్మకు గుర్తు లేక కాదు. కానీ ఆయన తప్పు అందులో ఉందని ఈ ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్కసారీ తోచలేదు! ఒకే ఇంట్లో, ఒకే కప్పు కింద, ఇద్దరూ ఎవరి శిక్ష వాళ్ళు అనుభవించారు... ఒకరికొకరు చెప్పుకోకుండా!

రూపశ్రీ వచ్చి అత్త పక్కన చతికిలబడి, నిన్న దెబ్బ తిన్న చేతితోనే ఆమె కన్నీళ్ళు తుడిచింది.

వసంతమ్మ తలెత్తింది. ఇన్నేళ్ళూ గొంతులో నలిగిన ప్రశ్న ఒకటి, అడిగే హక్కు తనకు లేదనుకున్న ప్రశ్న...

“ఆ బిడ్డ... మగబిడ్డా, ఆడబిడ్డా?”

ధనంజయ ఆమె వైపు తిరిగాడు. ఈ సంగతి కూడా ఆమెకు ఎవరూ చెప్పలేదని ఆయనకు ఆ క్షణం దాకా తెలియదు!

“ఆడబిడ్డ వసంతా... తల నిండా జుట్టు. నోరు అచ్చం నీ మాదిరే. చంద్రగిరి దారిలో, స్వర్ణముఖి గట్టున నా చేతులతోనే పూడ్చినాను. మట్టి కప్పే ముందు మోహనా అని పిలిచినా... పేరు లేకుండా పంపబుద్ధి కాలేదు.”

“మోహన...” వసంతమ్మ పెదవుల మీద ఆ పేరు మొదటిసారి కదిలింది.  “ఇన్నేండ్లూ నా కూతురి పేరు నువ్వొక్కడివే దాచిపెట్టుకున్నావా? నాకు పిలుచుకునేదానికి పేరైనా లేకపోయె గదయ్యా!”

ధనంజయ తల వంచుకుని నిలబడ్డాడు. “రేపు పోదామా ఆడికి?” అన్నాడు మెల్లగా.

“రేపు వద్దు. ఇప్పుడే పోదాం.”

వసంతమ్మ లేచి ముఖం కడుక్కుంది. దుమ్ము కొట్టుకున్న చీర మార్చుకోలేదు. ఎప్పుడు బయటికి వెళ్ళినా పది అడుగులు ముందు నడిచిపోయే ధనంజయ, ఆమె చెప్పులు వేసుకునేదాకా గడప దగ్గర ఆగాడు.